పంకజాక్షి బూత్‌లో ఒక్క రింగు

పాకాల స్టేషన్ రోడ్డులో పంకజాక్షి ఎస్టీడీ బూత్ తెలియనివాళ్ళు లేరు. పక్కనే నా గడియారాల కొట్టు కాబట్టి ఆమె నోటి సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు ఎవరినో ఒకరిని తిట్టాల్సిందే. ఎవరూ దొరక్కపోతే నన్ను. అయినా ఆ వీధిలో సగం ఇళ్ళవాళ్ళు చుట్టాలకు ఇచ్చుకునే ఫోన్ నంబరు ఆమెదే. పీపీ నంబరు అనేవాళ్ళం. ఎవరికి ఫోన్ వచ్చినా ఆమె వీధిలోకి వచ్చి ఒక కేక పెట్టేది. ఆ కేకకు నా కొట్టులో గడియారాలు ఆగిపోకపోవడమే వింత.

అప్పట్లో ఫోన్‌తో ఇంకో వాడుక ఉండేది. మాట్లాడితే బిల్లు, మోగించి పెట్టేస్తే బిల్లు లేదు. అందుకని ఊరు దాటేవాళ్ళు ముందే ఒప్పందం చేసుకుని వెళ్ళేవారు. ఒక రింగిచ్చి కట్ చేస్తే క్షేమం, రెండు రింగులిస్తే బయల్దేరి రావాలి. ఎవరి రింగు ఏ వేళకు వస్తుందో పంకజాక్షికి నోటికి వచ్చు.

ఇరవై ఏళ్ళ కిందట ఆమె బూత్‌లో కంప్యూటర్లు పెట్టింది. వాటికోసం ఐఎస్‌డీఎన్ లైను తీసుకుంది. ఒకే తీగ, అందులో రెండు దారులు. ఒకదాంట్లో ఇంటర్నెట్, ఇంకోదాంట్లో మాటలు. రెండు దారులూ ఇంటర్నెట్‌కే ఇచ్చేస్తే వేగం రెట్టింపవుతుంది. ఆ సమయంలో ఫోన్ వస్తే, గోడకు బిగించిన మోడెం పెట్టె తనంతట తానే ఒక దారి ఖాళీ చేసి ఫోన్‌కిస్తుంది. దారికొక పచ్చదీపం. ఇదంతా వచ్చినవాళ్ళకల్లా ఆమె వివరిస్తుంటే, ఆ పెట్టెను తనే కనిపెట్టినట్టుండేది. నాకు ఒళ్ళు మండేది.

మామూలుగా ఒక దారి ఫోన్‌కే వదిలేసేది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మాత్రం పిల్లలు బూత్‌ మీద విరుచుకుపడ్డారు. పేజీ తెరుచుకోవడం లేదని గోల. విసుగొచ్చి రెండు దారులూ ఇంటర్నెట్‌కే వదిలింది.

అదే రోజు మునిలక్ష్మి పొద్దుటినుంచి బూత్‌లో స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె కూతురు జయంతికి వేలూరు ఆసుపత్రిలో కడుపులో గడ్డకు ఆపరేషన్. జయంతిది ఎక్కడా సులువుగా దొరకని రక్తం. ఇంట్లో తమ్ముడు యోగానంద రక్తం ఒక్కటే కలిసింది. దొరికిన సీసా సరిపోవచ్చు, చాలకపోతే పిలుస్తామని డాక్టర్లు చెప్పారట. తోటలో టమోటా కోతకొచ్చి ఉండటంతో యోగానంద ఊళ్ళోనే ఆగాడు. అల్లుడు నారాయణ చెప్పి వెళ్ళిన గుర్తు ఇది: ఒక రింగొస్తే రక్తం అక్కర్లేదు, రెండొస్తే యోగానంద వెంటనే వేలూరు వైపు పోయే కాట్పాడి ప్యాసింజర్ ఎక్కాలి.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఒక్క రింగు. ఆగిపోయింది.

మునిలక్ష్మి లేచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఎదురు టీకొట్టులో సంచితో సిద్ధంగా ఉన్న కొడుకుకు చెప్పింది. వాడు నవ్వుతూ సంచి భుజాన వేసుకుని తోట దారి పట్టాడు.

పంకజాక్షి నోరు మెదపలేదు. నాకు భయం వేసింది అందుకే. ఆమె గోడమీది పెట్టెనే చూస్తోంది.

"జయరావన్నా, రింగుకు ముందే ఒక దీపం ఆరిపోయింది. ఆరినాక కాసేపటికి గానీ ఫోను మోగలేదు."

"పెట్టె దారి ఇచ్చేదానికి తడవైంటాది. దానికేముండాది?"

"ఆ తడవు మనకు. ఆడ నారాయణ చెవిలో రింగు పోతానే ఉంటాది కదన్నా!"

నారాయణను అడుగుదామంటే వాడు చేసింది ఆసుపత్రి బయట ఏ బూత్‌ నుంచో. ఇంతలో స్టేషన్ వైపు గంట కొట్టారు. కాట్పాడి ప్యాసింజర్ వస్తోంది.

"దీపం మళ్ళా వెలిగింది. ఆ చివర బూత్ కాడికి పో. ఈడికి ఫోను చెయ్. రెండు రింగులు యిని పెట్టేయ్. సూస్తా నిలబడుకుంటావేంది, పరిగెత్తు!"

ఎదురు మాట్లాడకుండా ఆమె చెప్పింది చేయడం నా జన్మలో అదే మొదలు. పరిగెత్తాను. నంబరు తిప్పాను. నా చెవిలో ఒకటి, రెండు. పెట్టేసి రోడ్డు మీదికి వచ్చాను. పంకజాక్షి బూత్ గుమ్మంలో చెయ్యెత్తి నిలబడి ఉంది. ఒక్క వేలే చూపిస్తోంది.

మరుక్షణం ఆమె కేకకు వీధంతా అదిరింది. "యోగానందా! ఓ యోగానందా! తిరిగిరా నాయనా!"

మునిలక్ష్మికి ఏమీ అర్థం కాలేదు. "ఒకటే కదమ్మా వచ్చింది? బాగుండాదని కదా?"

పంకజాక్షి ఆమె చేతులు పట్టుకుంది. "లేదక్కా. వాళ్ళు రెండిచ్చినారు. నా పెట్టె ఒకటి మింగేసింది. తప్పు నాది. బిడ్డను పంపించు."

యోగానంద రొప్పుతూ వచ్చాడు. "నిజంగా ఒకటే ఇచ్చింటే?"

"అప్పుడు మనకు మోగేదే కాదురా. నా మాట తప్పయితే వచ్చి నన్ను చెప్పుతో కొట్టు. ఇప్పుడు పో!"

ఆ పెట్టె ప్రతిసారీ ఒకటే మింగుతుందని ఎవరు చెప్పగలరు? ఆ అనుమానం నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. వాడు పరిగెడుతూనే అరిచాడు: "బాగుంటే ఒక రింగిచ్చి పెట్టేస్తా. మోగతానే ఉంటే ఎత్తండి!" కదిలిన రైలును ఎలా అందుకున్నాడో వాడికే తెలియాలి.

పంకజాక్షి లోపలికి వచ్చి పెట్టెనుంచి కంప్యూటర్ల తీగ పీకి పారేసింది. పిల్లలు గోలపెట్టారు.

"మార్కులు యాడికీ పోవు. రేపు సూసుకోండి. నడవండి బయటికి!"

ఆ తరువాత ఆమె ఎవరినీ తిట్టలేదు. ఫోన్ చేసుకోవడానికి వచ్చినవాళ్ళను కూడా వేరే బూత్‌కి పొమ్మంది. మునిలక్ష్మి స్టూలు మీద, ఆమె ఫోన్ ముందు. నేను కొట్టు వదిలేసి గుమ్మంలో. రింగు మింగిన పెట్టె మీద, దాన్ని తెచ్చిన పంకజాక్షి మీద నాకు కోపం పొంగుతోంది. ఆమె ముఖం చూశాక కొట్టుకు తిరిగి వెళ్ళబుద్ధి కాలేదు.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది.

పంకజాక్షి చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళి గాలిలోనే ఆగింది. ఇంకోసారి మోగితే ఎత్తాలి. ఎత్తితే ఏం వినాలో ముగ్గురికీ తెలుసు. మునిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది.

మోగలేదు.

మునిలక్ష్మి గోడమీది పెట్టె వైపు చూసింది. తరువాత పంకజాక్షి వైపు చూసింది. "ఇది... ఒకటేనా అమ్మా?"

"ఒకటే అక్కా. తీగ పీకేసినాను కదా. ఒకటే ఇచ్చినారు."

అని, ఊరినంతా నోటితో ఏలిన ఆ మనిషి బల్లమీద తల పెట్టుకుని ఏడ్చింది. మునిలక్ష్మి లేచి వెళ్ళి ఆమె వీపు నిమురుతూ నిలబడింది.