చెనిక్కాయ ఒలిచేంత సేపు

మా సార్ పోయారని మొన్న సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను ముదిగుబ్బ పోయే బస్సులో ఉన్నాను. చేతిరుమాలు కోసం బ్యాగులో చెయ్యి పెడితే, పోయిన వారం ఆయన పోసిన వేయించిన చెనిక్కాయలు తగిలాయి. ఏడుస్తూనే నాలుగు ఒలుచుకుని తిన్నాను. ఆయన చూసి ఉంటే సంతోషించేవారు.

పాలిటెక్నిక్‌లో ఆయన మాకు ల్యాబ్ చెప్పారు. రిటైరయ్యాక ధర్మవరంలో తన ఇంటి ముందుగదిలో మగ్గాల ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టెలు బాగుచేస్తుంటే, నేనూ పక్కన స్టూలు వేసుకున్నాను. డిజైను ప్రకారం పట్టు పోగులను పైకెత్తే పెట్టెలవి. సార్ చొక్కా జేబులో ఎప్పుడూ చెనిక్కాయలే. టైము కూడా వాటితోనే కొలిచేవారు. "ఈ ప్రోగ్రాం తయారయ్యేదానికి పదహైదు కాయలు పడతాయి, కూచో పాపా" అనేవారు. పొట్టంతా నా స్టూలు కిందికే వచ్చేది. ఊడ్చేది నేనే.

సార్ మాటెత్తితే నాకు ఒక అక్క మగ్గం గుర్తొస్తుంది. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకు చీరలు నేసిన ఆ అక్క, మొదటిసారి తన కూతురి పెళ్లికి నేసుకుంటోంది. కానుగ పూల డిజైను తనే వేసుకుంది. చీర సగంలో ఉండగా పెట్టెలో మెమరీ చిప్పు చచ్చిపోయింది. ముహూర్తం తొమ్మిది రోజుల్లో ఉంది. కొత్త చిప్పు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

"పెన్ డ్రైవు నుంచి లేపుదాం" అన్నారు సార్.

కరెంటు రాగానే పెట్టెలో మొదట మేలుకునేది బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం. అసలు ప్రోగ్రాం ఎక్కడుందో వెతికి లేపడమే దాని పని. అది వేరే చిప్పులో ఉంది కాబట్టి బతికిపోయింది. కానీ చచ్చిన చిప్పులో తప్ప ఇంకెక్కడా వెతకడం దానికి తెలీదు. పెన్ డ్రైవుల్లోనూ వెతికేలా సెట్టింగులు మార్చి, మళ్లీ తయారుచేసి ఎక్కించాను. బల్ల మీద నా పెన్ డ్రైవుతో ఠక్కున లేచింది. నన్ను పట్టేవాళ్లు లేరు.

అక్క ఇంట్లో, అక్క తన డిజైన్లు దాచుకునే పెన్ డ్రైవు పెడితే మాత్రం, దొరికిన పరికరాలు సున్నా అని వచ్చింది. మూడుసార్లూ అంతే. అక్క మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోంచి నన్నే చూస్తోంది.

"లేస్తాదా పాపా? లేదంటే చెప్పేయ్. అంగట్లో చీర కొంటా."

నాకు తల కొట్టేసినట్టయింది. "నీ పెన్ డ్రైవు చెడిపోయిందక్కా. నాది ఇస్తాలే" అన్నాను.

సార్ నవ్వారు. "ఊర్లో మగ్గాలన్నిటికీ నీదే ఇస్తావా? అది చెడిపోలేదు, ముసల్ది. నువ్వు పిలిచినావు. అది పలికే లోపలే ఎల్లిపోయినావు."

"ఎంతసేపు ఆగాల సార్?"

ఆయన జేబులోంచి ఒక చెనిక్కాయ తీసి ఒలిచి, పప్పు అక్క చేతిలో పెట్టారు. "ఇంతసేపు."

పెన్ డ్రైవుకు కరెంటు ఇచ్చాక రెండు సెకన్లు ఆగి వెతకమని రాశాను. ఎక్కించి స్విచ్ వేశాం. ఏమీ లేదు. ఏమీ లేదు. దొరికిన పరికరాలు ఒకటి! పోగులెత్తే కొక్కేలు టకటకా లేచాయి. అక్క గుంటలో ఉంది కాబట్టి సరిపోయింది, లేకుంటే గంతేసేదే. ఆ పెళ్లిలో సార్ విస్తరిలో ఓళిగలు, అదే బొబ్బట్లు, మూడుసార్లు వేయించుకున్నారు. చిప్పు తర్వాత వచ్చినా అక్క మార్చనివ్వలేదు.

"చెడిపోయిందనే ముందర కొంచెం సేపు ఆగి చూడప్పా" అనేవారు సార్. ఆయన చెప్పింది యంత్రాల గురించే. నేను మనుషులకూ వాడుకున్నాను. మా ఆయనా నేనూ ఇంకా ఒకే ఇంట్లో ఉన్నామంటే అందులో సార్ వాటా ఉంది.

నిన్న అక్క ఇంటికి పోయాను. ఏడుద్దామని కూర్చున్నవాళ్లం, ఆయన తిన్న ఓళిగల గురించి చెప్పుకుని నవ్వుకున్నాం. ఆ తర్వాత అక్క గుంటలోకి దిగి మగ్గం స్విచ్ వేసింది. ఏ చప్పుడూ లేదు. బ్యాగులో మిగిలిన ఆఖరి చెనిక్కాయ తీసి ఒలిచాను. పప్పు అక్క అరచేతిలో పెడుతుండగా కొక్కేలు లేచాయి.