మంగకు తిరగేసి చెప్పిన ‘మీరు’

ఆరేళ్ళుగా ఒక చిన్న మాటను మోస్తున్నాను. మా అమ్మకు చెప్పలేదు. ద్వారకా తిరుమల వెళ్ళి దేవుడి ముందు నిలబడి కూడా నోరు విప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు అడక్కండి.

నేనూ మంగా ఏలూరులో ఒకే ఆసుపత్రిలో నర్సులం. నేను తాడేపల్లిగూడెంలో రైలెక్కేదాన్ని, తను భీమడోలులో. వాళ్ళది కొల్లేరు పక్క ఊరు. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, నన్ను ‘అక్కా, మీరు’ అనేది. రైల్లో కాలు తొక్కినవాళ్ళతో కూడా “పర్లేదండీ” అనే మనిషి. మొగుడు కొట్టేవాడు. మెడ చుట్టూ కొంగు లాక్కుని వచ్చిన రోజున నేనేమీ అడిగేదాన్ని కాదు. అడక్కపోయినా నాకు తెలుసు. తెలియదని బుకాయించడానికి నాకు దారి లేదు.

ఏలూరులో ఒక ఏజెంటు టర్కీలో పని ఉందన్నాడు. అక్కడి ఇంట్లోనే ఉండి ఒక ముసలావిడను చూసుకోవాలి. కాస్త టర్కీ భాష రావాలి. ఒక్కరే కావాలి. “ఇది దొరికితే మళ్ళీ ఆ గుమ్మం తొక్కనక్కా,” అంది మంగ. నాకా? నాకు కొంప మునిగే అవసరమేమీ లేదు. విమానం ఎక్కాలని సరదా, అంతే.

టర్కీ నేర్పే ఇంగ్లీషు పుస్తకంతో రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నాం. ఒక్క ముక్క ఎక్కలేదు. తర్వాత ఫోనులో టర్కీ సీరియళ్ళు చూస్తుంటే నాకే తట్టింది, ఇది మన తెలుగు నడకేనని. క్రియ చివర్న వస్తుంది, ‘లో’, ‘కి’ లాంటివి మాట వెనకాలే అతుక్కుంటాయి. ఇల్లు ‘ఎవ్’, ఇంట్లో ‘ఎవ్‌దె’. ఇంగ్లీషును పక్కన పారేసి, తెలుగులోంచి నేరుగా వెళ్ళాలి. ఆ దారి కనిపెట్టింది నేను. దాని మీద పరిగెత్తింది మంగ. నేను ఒకటికి నాలుగుసార్లు వల్లె వేసింది తనకు ఒక్కసారి వింటే వచ్చేసేది. తన ఫోను మొగుడి చేతిలో ఉండేది కాబట్టి, నా నోటి నుంచే నేర్చుకునేది. “ఫోనుకేం తెలుసండీ? మనిషి చెబితేనే వస్తుంది నాకు,” అనేది. నాకు ఒళ్ళు మండేది. ఛీ, ఎంత కుళ్ళు!

ఒకరోజు రైల్లో అడిగింది.

“అక్కా, మన ‘మీరు’కి వాళ్ళేమంటారండీ?”

“సెన్.”

“మరి ‘నువ్వు’కి?”

“సిజ్.”

అది నోరు జారడమే, ఒట్టు. ‘మీరు’కి సిజ్ అనాలి, ‘నువ్వు’కి సెన్. దెందులూరు దాటేలోపే తప్పు తెలిసింది. పక్కనే కూర్చుని ఉంది, చెయ్యి తట్టి చెప్పొచ్చు. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు కిటికీ వైపు తిరిగి తను వల్లె వేసుకుంటుంటే విన్నాను. పెద్దవాళ్ళకు సెన్, పిల్లలకు సిజ్. “కరెక్టేనా అక్కా?” అని నన్నే అడిగింది. “కరెక్టే” అన్నాను. మొదటి రోజుది పొరపాటు. మరి రెండో రోజుది? ఆ తర్వాత పన్నెండు రోజులూ రోజూ విని, రోజూ తలూపానే, దాన్ని ఏమనాలి?

ఏజెంటు ఆఫీసులో ఆ టర్కీ ముసలావిడ ఇంటివాళ్ళతో వీడియో కాల్. మంగ ముందు వెళ్ళింది. నేను ప్లైవుడ్ గోడకు ఇవతల కూర్చుని వింటున్నాను. గొంతు స్పష్టంగా, మెత్తగా వినిపించింది. ముసలావిడను నువ్వు అంది. ఆవిడ పక్కనున్న పదేళ్ళ మనవణ్ణి మీరు అంది. అవతల మాటలు ఆగిపోయాయి. మంగ ఇంకా వినయంగా, ఇంకోసారి, నువ్వు అంది. నేను లేచి తలుపు తోసి ఉండొచ్చు. లేవలేదు. కాసేపటికి ఏజెంటు బయటికొచ్చి, “ఆ పిల్లకి మర్యాద తెలీదంటున్నారండీ,” అన్నాడు. పని నాకొచ్చింది.

రెండేళ్ళు ఉన్నాను అక్కడ. ఒక మధ్యాహ్నం ముసలావిడే కదిపింది. “వీడియోలో ఆ మొదటి అమ్మాయి దండం పెడుతూనే నన్ను వెక్కిరించింది, ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు,” అంది. నేను ఆవిడ కాళ్ళకు నూనె రాస్తూ ఉండిపోయాను.

తిరిగొచ్చాక భీమడోలులో దిగి, వాళ్ళ ఊరు వెళ్ళి మంగను కలిశాను. ఆ మొగుడి ఇంట్లోనే ఉంది. మాట్లాడుతుంటే తల ఒక పక్కకు తిప్పింది. ఎడమ చెవి వినపడదట. “ఓ దెబ్బ గట్టిగా తగిలిందక్కా,” అంది. తర్వాత తనే నన్ను ఓదార్చింది. “మీరు బాగానే నేర్పారండీ. నాకే నోరు తిరగలేదు. నేనంత మొద్దుననుకోలేదు.” టీ తాగాను. వచ్చేశాను.

వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారేమో. చెబితే తన చెవి తిరిగి వస్తుందా? ఇది కూడా సాకే, నాకు తెలుసు. క్షమిస్తుందేమోనని భయం. తను అలాంటి మనిషి మరి, “పర్లేదండీ” అనేస్తుంది. ఆ మాట నాకు వద్దు. నేను తెలిసే దిద్దలేదు. ఇంత చిన్న వాక్యం రాయడానికి ఆరేళ్ళు పట్టింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. మంగ మొద్దు కాదు.