మైకులో వినిపించిన పువ్వు లెక్క

దయ్యాలను నమ్మనని చెప్పి ఊరుకున్నవాణ్ని కాను. ఊరూరా సభలు పెట్టి సవాలు చేసినవాణ్ని. దిష్టి తీసిన నిమ్మకాయలను పనిగట్టుకొని తొక్కాను. చెప్పు పాడైంది తప్ప నాకేమీ కాలేదు.

రెండువేల దశకం మొదట్లో గద్వాలలో ఒక మధ్యాహ్నం మా హేతువాద సభకు జనాన్ని రప్పించడానికి మిమిక్రీ నర్సింలు హాస్య ప్రదర్శన ఏర్పాటు చేశాను. అతనిది నాగర్‌కర్నూల్. కోడిపుంజు నుంచి తహసీల్దారు దాకా ఒక్కడే అందరూ అయిపోతాడు. ఏ ఊరు వెళ్లినా ముందు రెండు గంటలు హోటల్లో చాయ్ తాగుతూ అక్కడి మాట తీరు పట్టుకోవడం అతని పద్ధతి. ఆ రోజు వనపర్తి దగ్గర బస్సు చెడిపోయింది. బస్టాండు నుంచి నేనే నేరుగా మైకు ముందుకు తీసుకొచ్చాను. గద్వాలకు రావడం అతనికి అదే మొదలు.

ముందు వరుసలో నాకు బస ఇచ్చిన నేతకారుడు రాములు, అతని చెల్లెలు లక్ష్మి కూర్చున్నారు. పది రోజుల్లో లక్ష్మి పెళ్లి. పెళ్లిచీర కొంగు దగ్గర ఆగిపోయింది. ఆ కొంగు పువ్వు వాళ్లమ్మ కొత్తగా ఊహించింది. ఎన్ని పోగులు ఎత్తాలో, ఎన్ని విడవాలో ఆమె నోటితో చెబుతుంటే రాములు నేసేవాడు. కాగితం మీద గీయలేదు. కింది రేకులు పూర్తయ్యేసరికి ఆమె పోయింది. రాములు ఎన్నిసార్లు విప్పి నేసినా పై రేకులు కుదరలేదు. వేరే పువ్వుకు లక్ష్మి ఒప్పుకోలేదు.

నేతగాళ్ల ఊరు కదా అని నర్సింలు మగ్గం దగ్గర కసిరే ముసలమ్మ అయ్యాడు.

"ఏడెత్తు, రెండిడువు, మూడెత్తు... గట్ల గాదురా! పెండ్లి నీది గాదు, చెల్లెది! చెయ్యి జర నిమ్మళంగ!"

హాలు గొల్లుమంది. రాములు లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఆపకు! మా అమ్మ గిట్లనే అంటుండె!"

అదీ ఆటలో భాగమనుకొని జనం ఇంకా నవ్వారు. ముసలమ్మ ఆగకుండా నిమిషం పైగా లెక్క చెప్పింది.

తర్వాత నర్సింలును నిలదీశాను. "నోటికొచ్చింది అనేసిన సార్. మళ్ల చెప్పమంటే నాకేం తెల్వదు" అన్నాడు.

మా మాటలను వక్రీకరిస్తారని ప్రతి సభనూ క్యాసెట్‌లో ఎక్కించడం నా అలవాటు. మర్నాడు పొద్దున్నే టేపు రికార్డరును మగ్గం పక్కన పెట్టాం. లక్ష్మి మీట నొక్కుతూ ఆపుతూ ఉంది, రాములు నేశాడు. నేను వేలు పెట్టి పోగులు లెక్కపెట్టాను. మధ్యాహ్నానికి పువ్వు విచ్చుకుంది.

ఎవరో ముందే నర్సింలుకు చెప్పారనుకుందామంటే, ఆ లెక్క తెలిసినవాళ్లే లేరు. యాదృచ్ఛికం అనుకుందామంటే, ఒకటి రెండు అంకెలు కలుస్తాయి, వరసంతా ఎలా కలుస్తుంది?

పెళ్లిలో లక్ష్మి కొంగు చూపించి నవ్వింది. "గిప్పుడేమంటరు సార్?"

"కారణం ఉండే ఉంటుందమ్మా. నాకు దొరకలేదు" అన్నాను.

ఇప్పటికీ అదే అంటాను. ఆత్మలను ఒప్పుకోను. క్యాసెట్ మాత్రం జాగ్రత్తగా దాచుకున్నాను. లెక్క ముగిశాక అందులో ముసలమ్మ ఒక మాట అంటుంది, హాలంతా పడీపడీ నవ్వుతుంది. ఎప్పుడు విన్నా నాకూ నవ్వొస్తుంది, ఆ వెంటనే టేపు ఆపేస్తాను.

"గంతే బిడ్డా. ఇగ నే పోత."