హారతి మేపిన టేకు చేప

హారతికి కుదురు తక్కువ. నారాయణగూడలో తండ్రి రామచంద్రరావు గారి అక్వేరియం దుకాణంలో ఆమె కూర్చున్నా కూర్చున్నట్టు ఉండదు. ఓ తొట్టి మోటారు సవరించి, ఇంకో తొట్టి అద్దం తుడిచి, మళ్లీ మొదటి దాని దగ్గరికే వస్తుంది. ఆ వేసవిలో ఆమెను అసలే నిలవనీయనిది వెనక పెద్ద తొట్టిలోని టేకు చేప. పళ్లెంలా బల్లపరుపుగా, కొరడాలాంటి సన్నటి తోకతో, గోధుమరంగు వీపుమీద పసుపు చుక్కలతో ఉండే మంచినీటి టేకు అది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఇప్పుడు కడుపుతో ఉంది.

చేపలకు రోజుకు ఒక్కసారే మేత వెయ్యాలన్నది రామచంద్రరావు గారి నియమం. కాస్త ఆకలితో ఉంటే నీళ్లూ శుభ్రంగా ఉంటాయి, చేపా నాలుగు కాలాలు బతుకుతుందంటారు. టేకు వీపు ఉబ్బడం చూసి, బాగా కొవ్వెక్కింది, ఆ ఒక్కపూట రొయ్యలు కూడా తగ్గించమన్నారు.

హారతికి మాత్రం ఉబ్బు కంటే తోక మొదట్లో పొడుచుకొచ్చిన ఎముకలే కనబడ్డాయి. తల్లి టేకు కడుపులో పాలలాంటి ద్రవం ఊరుతుందనీ, పిల్లలు దాన్ని తాగే పెరుగుతాయనీ ఆమె చదివి ఉంది.

"అది కొవ్వు కాదు నాన్నా. తన ఒళ్లు కరిగించుకుని పిల్లలకి పెడుతోంది" అంది.

"నీళ్లు పాడైతే తల్లీ ఉండదు, పిల్లలూ ఉండవు" అన్నారాయన.

మర్నాటి నుంచి ఆమె మూడు పూటలా మేపసాగింది. రొయ్యలు, చేప ముక్కలు, వానపాములు. టేకు ఇసుకమీద పాకి, మేతను ఒంటికింద కప్పేసి నమిలేది. అది మింగీ మింగకముందే అద్దం దగ్గరికి వచ్చి, ఇంకా కావాలన్నట్టు ఒంటి అంచులు ఆడించేది. తండ్రి అన్నదీ నిజమే, సాయంత్రానికి నీళ్లు మసకబారేవి. పనివాడు ఎల్లేశం బకెట్లు మోసి మోసి విసిగిపోయాడు.

"అక్కా, జర నువ్వు కూడ తిను. నీ డబ్బా గట్లనే ఉన్నది" అన్నాడొకరోజు.

ఎముకలు మెల్లగా కండలో కలిశాయి. అంతలో ఓ పొద్దున టేకు మేత ముట్టలేదు. రొయ్యను దగ్గర పెడితే పక్కకు జరిగింది. అతిగా మేపి తనే దాన్ని చంపుతోందా అని హారతికి దడ పట్టుకుంది. పనుందని హిమాయత్‌నగర్‌కు బయల్దేరి, సగం దారిలోంచి వెనక్కి వచ్చింది.

మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ ఉండగా ఎల్లేశం పిలిచాడు. తల్లి ఒంటికింద నుంచి చుట్ట చుట్టిన చపాతీలాంటి పిల్ల జారి, విప్పుకుని, ఈదింది. ఆ తర్వాత మరొకటి. మూడోది కదల్లేదు.

తల్లి ఆ రోజంతా ఇసుకలోనే పడి ఉంది. మర్నాడు రామచంద్రరావు గారే రొయ్య ఒలిచి వేశారు. తింది. ఇంకోటి వేశారు.

"సాయంత్రం కూడా వెయ్యమ్మా. నీళ్ల సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

అయినా హారతి నిలవలేదు. పిల్లల పొట్టలో పుట్టుకతో వచ్చిన పచ్చసొన ఉన్నన్నాళ్లూ వాటికి మేత అక్కర్లేదు. అది తీరిపోయాక వానపాము ముక్కలు సన్నగా తరిగి వేసింది. ఒక పిల్ల వెంటనే తింది. రెండోది ముక్కమీదుగా పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. దాంతోపాటే ఆమె కూడా అద్దం వెంట అటూ ఇటూ నడిచింది. దీపాలు వేసే వేళకు అది ఒక ముక్కను ఒంటికింద కప్పుకుంది.