మామ్మ ఓటు ఇంటికొచ్చిన రోజు

ఒక్క కాగితంతో, ఒక్క బాల్‌పెన్నుతో నిక్షేపంగా తిరుగుతున్న మనిషిని మంచాన పడేయడం ఎలాగో తెలుసుకోవాలనుంటే నన్ను అడగండి. నాకు అనుభవం ఉంది. ఇందులో చాలా భాగం ఇన్నాళ్ళూ నా డైరీకే తెలుసు. అది నాలాగే నోరు విప్పదు.

మాది యానాంలో కనకాలపేట. మా నాన్నగారి తల్లి, మా మామ్మ, అప్పటికి ఎనభై ఏడేళ్ళది. వయసులో ఉండగా చుట్టుపక్కల చేలన్నిట్లోనూ నాట్లు వేసింది. నడుము వంగింది గానీ గొంతు వంగలేదు. ఇక నేను, చర్చిలో వాక్యం చదవమంటే జ్వరం తెచ్చుకునే రకం. ఆటో మా వీధి దాటిపోతుంటే ఆపమని చెప్పలేక, చివరిదాకా వెళ్ళి వెనక్కి నడిచొచ్చే రకం.

ఇలాంటి నేను ప్రతి ఎన్నికకీ మామ్మని చెయ్యి పట్టుకుని బూత్‌కి తీసుకెళ్ళాలి. లైన్లో ఆవిడ ఊరుకోదు. "మా మనవరాలండి. బీఏ చదివింది. మాట్టాడదు గానీ మూగది కాదండోయ్!" అని పోలీసుతో మొదలుపెట్టి లోపలి ఆఫీసరు దాకా పరిచయం చేసేది. నేను ముఖమంతా చున్నీలో దాచుకుని దొంగలా నిలబడేదాన్ని.

మామ్మకి మాత్రం అది పెద్ద పండగ. తనతో నాట్లు వేసిన ఆడవాళ్ళలో మిగిలినవాళ్ళు ఆ లైన్లోనే కలుసుకునేవారు. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని తలలు లెక్కపెట్టుకునేవారు. లైన్లో కనబడకపోతే ఆ మనిషి లేనట్టే.

పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. అంగన్‌వాడీ టీచరు ఒక ఫారం పట్టుకొచ్చింది. "ఎనభై అయిదు దాటినోళ్ళకి పోస్టల్ ఓటమ్మా. ఆఫీసర్లే ఇంటికొచ్చి ఏయించుకుంటారు. బలవంతం లేదు, మామ్మగారిని అడిగి చెప్పు."

అడిగితే ఏమంటుందో తెలుసు కాబట్టి నేను అడగలేదు. ఎండలని, మోకాళ్ళని, వడదెబ్బని నా మనసుకి చాలా కారణాలు చెప్పాను. అది నమ్మినట్టు నటించింది. అసలు కారణం ఆ చున్నీ.

"మామ్మా, ఇక్కడ సంతకం పెట్టు."

"దేనికే?"

"ఓటుకే."

అబద్ధం కాదు. అందుకే తల్చుకుంటే మరీ సిగ్గు. వయోజన పాఠశాలలో నేర్చుకున్న సంతకాన్ని మామ్మ నాలుక కొరుక్కుంటూ, ముగ్గు వేసినంత శ్రద్ధగా పెట్టింది.

పోలింగుకి వారం ముందు ఒక ఉదయం మా గుమ్మం ముందు జీపు ఆగింది. ఇద్దరు ఆఫీసర్లు, ఒక పోలీసు, వీడియో తీసే అతను, వాళ్ళ వెనక పార్టీల ఏజెంట్లు. అంతమంది కట్టకట్టుకుని మా వీధిలోకి చావుకి తప్ప రారు. ఎదురింటి సత్యవతి పిన్ని చేతిలో చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఎంతసేపైందే?"

"ఏది పిన్నీ?"

"మామ్మ పోయి!"

"పోలేదే!" అని పెరట్లోంచి మామ్మ కేక. "గిన్నెలు తోముతున్నా!"

చేతులు తుడుచుకుంటూ వచ్చిన మామ్మకి ఆఫీసరు నమస్కారం పెట్టాడు. "మీ ఓటు వేయించడానికి వచ్చామండి."

"ఇంకా వారముంది కదా బాబూ. ఆ రోజు నేనే వత్తాను."

"ఇంటి దగ్గరే వేస్తానని మీరు రాసిచ్చారు కదండీ. ఇక బూత్‌లో కుదరదు."

ఆయన ఫారం చూపించాడు. మామ్మ సంతకం చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గోడమీది క్యాలెండరు చూశాను.

"ఆయ్, నాదే," అంది. నన్ను పట్టివ్వలేదు.

కుట్టుమిషను మీద అట్ట అడ్డుపెట్టి ఓటు వేయించారు. కాగితం మడిచి చిన్న కవర్లో పెట్టి జిగురు రాశారు. దాన్ని పెద్ద కవర్లో పెట్టి మళ్ళీ జిగురు రాశారు.

"పెట్టెలో పెట్టి మూతేసినట్టుంది," అంది మామ్మ. "మట్టి కూడా నేనే ఎయ్యాలా బాబూ?"

ఆఫీసరు నవ్వాలో వద్దో తెలియక పోలీసు వంక చూశాడు.

సాయంత్రానికి సత్యవతి పిన్ని బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చింది. "మంచాన పడ్డోళ్ళకే ఇంటికొత్తారంట గదా. ఏం జబ్బో చెప్పరేంటి?" అంది. మర్నాడు పాస్టరు గారు వచ్చి, "ఈ తల్లి ప్రయాణాన్ని సుఖమయం చేయుము తండ్రీ," అని ప్రార్థించారు. మామ్మ ఒక కన్ను తెరిచి, "ఏ ఊరికండీ?" అని అడిగింది.

ఆ మర్నాడు నాట్ల స్నేహితురాళ్ళు ఇద్దరు ఆటో కట్టించుకుని వచ్చారు. వాళ్ళు ప్రార్థన చెయ్యలేదు, బత్తాయిలూ తేలేదు. మామ్మ కాళ్ళు పట్టుకుని, "ఇంక లైన్లోకి రావంట గదే," అని ఏడ్చారు. మామ్మే వాళ్ళని ఓదార్చి పంపించింది. పంపించి, వెళ్ళి పడుకుంది. మర్నాడు లేవలేదు.

"బుజ్జీ, నా తెల్లచీర ఇస్త్రీ చేయించవే."

"నీకేమైంది మామ్మా? బాగానే ఉన్నావు కదా!"

"అంతమంది పనులు మానుకునొచ్చి చెబుతుంటే, నేనొక్కదాన్నీ కాదంటే ఏం బాగుంటాది?"

తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. డైరీలో మాత్రం నాలుగు పేజీలు రాశాను. డైరీ చదివి మంచం దిగినవాళ్ళు ఎవరూ ఉండరు.

పోలింగు రోజు ఒక్కదాన్నే వెళ్ళాను. లైన్లో ఆ స్నేహితురాళ్ళు నా తల నిమిరి, "మంచి మనిషమ్మా. నోరే గానీ మనసు వెన్న," అన్నారు. వాళ్ళ వెనకావిడ, "ఎప్పుడు పోయిందంట?" అని అడిగింది.

"పోలేదు!"

ఎవరో అరిచారు. నేనే.

"మా మామ్మ బతికే ఉంది! నడవగలదు! తనతో రావడానికి నాకే సిగ్గేసి, చెప్పకుండా ఫారం నింపేశాను!"

లైనంతా వెనక్కి తిరిగింది. పోలీసు లాఠీ చంకలో పెట్టుకుని, "ఏ పార్టీయమ్మా నీది?" అంటూ వచ్చాడు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని మామ్మకి అంతా చెప్పేశాను. ఆవిడ సంతకం మాటెత్తలేదు.

"గట్టిగా అరిచావా?"

"గట్టిగానే."

"లైనంతా విన్నారా?"

"పోలీసు కూడా."

దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత గోడ వైపు తిరిగి, "నేను లేనప్పుడు అరిచావు గదే," అంది.

రెండు రోజుల తర్వాత లేచి అరుగు మీద కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళకి నా అరుపు గురించి చెప్పుకుంది. అక్కడితో కథ సుఖాంతమని డైరీలో రాసేసుకున్నాను కూడా. కానీ ఓట్లు లెక్కపెట్టకముందే, మే ఎండల్లో, ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయింది. డాక్టరు వయసన్నాడు, గుండె అన్నాడు. ఫారం అనలేదు. సత్యవతి పిన్ని మాత్రం, "ఓటు ఇంటికొచ్చినప్పుడే అనుకున్నాను," అంది.

లెక్కింపులో పోస్టల్ ఓట్లే ముందు తీస్తారట. ఆ ఉదయం టీవీ ముందు నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఎవరు గెలుస్తున్నారో చూడలేదు.

తర్వాత మామ్మ జ్ఞాపకార్థ కూడికకి రమ్మని కార్డులు పంచడానికి వీధిలోకి వెళ్ళాను. చివరింటి ఆశీర్వాదం తాతకి ఎనభై ఆరు. మంచం మీద కునుకు తీస్తున్నవాడు, నా చేతిలో కాగితం చూసి గభాలున లేచాడు. చేతికర్ర అవతల పారేసి వాకిట్లో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు.

"చూడమ్మా, నడుత్తున్నా! బూత్‌కి నేనే ఎళ్తా! ఆ కాగితం అట్టుకుపో!"

"తాతా, ఇది కూడిక కార్డు..."

"ఏదైనా సరే! నేను సంతకం పెట్టను!"

కాబట్టి యానాం ప్రజలందరి సమక్షంలో గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. పోస్టల్ ఓటు కదల్లేనివాళ్ళకి వరమే. కానీ కదిలేవాళ్ళ చేత అడగకుండా సంతకం పెట్టించే పని ఈ జన్మలో మళ్ళీ చెయ్యను. దయచేసి ఈ మాట ఎవరైనా ఆశీర్వాదం తాతకి చేరవేయండి. నన్ను చూసినప్పుడల్లా ఆయన ఇంకా లేచి నడుస్తున్నాడు.