లుంగీ పీలికలు, ఉంగరాల జుట్టు

పొద్దున నా పాత లుంగీ కోసం ఇల్లంతా వెతికాను. తీరా చూస్తే మా అమ్మాయి దాన్ని పీలికలుగా చింపి, తడి జుట్టును పాయలు పాయలుగా వాటికి చుట్టి ముడులు వేసుకుంది. కిందటిసారి ఉంగరాలు తిప్పే వేడి మిషన్‌తో జుట్టు కొసలు మాడాయని ఈ ఉపాయం. ఆ తలతోనే తెనాలి నుంచి కొలకలూరు పెళ్లికి నాతో ఆటోలో బయల్దేరింది. సిగ్గంతా నాదే. దారిలో గాలికి జుట్టు ఆరింది. చర్చి దగ్గర ముడులు విప్పితే ఒత్తుగా ఉంగరాలు!

పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్న పార్లర్ ఆవిడ అడిగింది: "ఏ మిషన్ వాడావమ్మా?"

"మిషన్ కాదండి, మా నాన్న లుంగీ!"

అందరూ నావైపు తిరిగారు. నేను మీసం మెలేశాను.

పెళ్లికూతురి చెల్లెళ్లకూ అలాంటి పీలికలు కావాలట. ఇంటికి రాగానే ఇంకో లుంగీ నేనే చింపాను. మీ ఇళ్లలో లుంగీలు క్షేమమేనా?