నీలం రంగు గోడ

1946 నవంబరులో నన్ను చిత్తూరు తాలూకా కచేరీలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా వేశారు. అద్దె ఇళ్ల తగాదాలు తహసీల్దారు తీర్చేవారు. ఆ ఇళ్లకు వెళ్లి చూసి, ఉన్నదున్నట్టు రిపోర్టు రాయడం నా పని.

నా మొదటి తగాదా బూజు గురించి. ఇంటి యజమాని చెంగల్రాయ ముదలి ఒకే ఇంటిని రెండు వాటాలు చేసి, ఒకదాంట్లో తానుంటూ, రెండోది డ్రాయింగ్ మాస్టరు జ్ఞానప్రకాశానికి అద్దెకిచ్చాడు. మాస్టరు గోడ పాడుచేశాడు కాబట్టి ఖాళీ చేయించమని ముదలి అర్జీ. అద్దెకున్నవాడు ఇల్లు పాడుచేస్తే ఖాళీ చేయించవచ్చని చట్టంలో ఉంది. ఆ రోజుల్లో ఖాళీ చేస్తే మరో ఇల్లు దొరికేది కాదు.

వెళ్లి చూస్తే, రెండు వాటాల నడిమి గోడ మాస్టరు వైపు నడుము ఎత్తు దాకా నల్లగా బూజు పట్టి ఉంది.

"ఈయన పెండ్లాం తడిబట్టలన్నీ ఇంట్లోనే ఆరేస్తాది. బూజు పట్టక ఏం చేస్తాది?" అన్నాడు ముదలి.

"గోడకవతల ఆయన నీళ్లగది ఉండాది సార్. ఆయన ఆడ నీళ్లు పోసుకుంటే ఈడ మా గోడ తడుస్తాది" అన్నాడు మాస్టరు.

మర్నాడు పొద్దున నీళ్లగది తూములో నీలిమందు కలిపిన నీళ్లు పోయిస్తాననీ, గోడ మీద నీలం కనిపిస్తే తప్పు తూముదేననీ ఇద్దరికీ చెప్పాను.

మర్నాడు కచేరీలో పని తగిలి వెళ్లలేకపోయాను. పదింటికి మాస్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నీలం వచ్చేసింది సార్!"

వెళ్లి చూశాను. నీలం వచ్చిన మాట నిజమే. నడుమ ముదురుగా, అంచుల్లో పలచగా, వానమబ్బులా ఎంతో అందంగా ఉంది.

"మాస్టారూ, మేమింకా నీళ్లు పోయలేదు" అన్నాను.

ఆయన భార్య రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పోసేదాకా ఆగమని సెప్తానే ఉన్నా సార్, ఇంటే కదా!" అంది.

ముదలి ఆనందానికి హద్దు లేదు. "ఇంగేముండాది సామీ! ఆ బూజు గూడా ఈయన ఏసిన బొమ్మే అయ్యుంటాది. రాసుకోండి!"

మాస్టరు చేసింది రాసుకున్నాను. ఆయన తల దించుకుని, "ఇల్లు పోతాదని బయమేసింది సార్" అన్నాడు.

అర్జీ అక్కడితో తేలిపోయిందని నాకూ అనిపించింది. కానీ అనుకున్న పరీక్ష జరగనే లేదు. గోడ మీద నీలం ముందే ఉంది కనుక ఈసారి కచేరీలోని ఎర్రసిరా పొడి తెప్పించాను. మాస్టరు గదికి కిటికీతో సహా తాళాలు వేయించి, లక్కముద్ర కొట్టి, తూములో నాలుగు బిందెల ఎర్రనీళ్లు నా ముందే పోయించాను.

మూడో రోజు ముద్రలు ముదలి చేతనే పరీక్ష చేయించి, ఆయన చేతనే పగలగొట్టించి తలుపు తీశాము. నీలిమబ్బు కింద గోడ పొడుగునా ఎరుపు దిగి ఉంది.

ముదలి చాలాసేపు చూశాడు. "దీన్ని గూడా ఈయనే..." అని మొదలుపెట్టి, చేతిలోని లక్కముక్క చూసుకుని ఆగిపోయాడు.

తహసీల్దారు అర్జీ కొట్టేశారు. తూము బాగుచేయించి, బూజు గీకించి గోడ పూయించడం యజమాని వంతు. బట్టలు పెరట్లో ఆరేసి, తాను వేసిన మబ్బుకు సున్నం కొట్టుకోవడం మాస్టరు వంతు.

ఆ తర్వాత ఏ అర్జీ వచ్చినా, మనిషి గురించి ఒక కాగితం మీద, గోడ గురించి వేరే కాగితం మీద రాసుకునేవాణ్ణి. అబద్ధమాడినవాడి గోడ కూడా నిజంగానే తడిసి ఉండవచ్చు.